మన కథ ఎవరి కెమెరాలో ఉంది?



మార్లవాయి మనకు కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో మనోళ్ల మధ్యనే ఉన్నారు. మన పండుగలు, మన పెద్దల ముఖాలు ఫోటోలు తీసిండ్రు. ఆయన ఫోటోలు, సినిమా రీళ్లు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ మేలు మరువలేం. కానీ మన ముత్తాతల ముఖం చూడాలంటే లండన్ దిక్కు చూడాల్సి రావడం మా హాస్టల్‌లో అందరికీ గుచ్చుకుంది.

కెమెరా మన చేతికొస్తే ఏమైతదో జార్ఖండ్ చూపించింది. ఉరావ్ ఆదివాసీ బిజు టోప్పో, మేఘనాథ్‌తో కలిసి రాంచీలో 'అఖ్‌డా' పేరుతో డాక్యుమెంటరీలు తీస్తున్నారు. అఖ్‌డా అంటే ఊరంతా కూడి ఆడే, మాట్లాడుకునే జాగ. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగ మీద తీసిన 'లోహా గరమ్ హై' 2010 సంవత్సరానికి జాతీయ అవార్డు పొందింది. రాందయాళ్ ముండా జీవితం మీద 'నాచీ సే బాంచీ' తీశారు. కంపెనీ డబ్బుతో తీస్తే కంపెనీ పొగ గురించి చెప్పగలమా? స్వతంత్రంగా తీయడం అంటే ఇదే. అయితే ఇలాంటి సినిమాలకు టికెట్ల డబ్బులు పెద్దగా రావు. చందా ఇచ్చేవాళ్లు, ఊళ్లో ప్రదర్శన పెట్టేవాళ్లు ఉంటేనే నిలబడతాయి.

మనకు టైం లేదు. గుస్సాడీ గురువు కనకరాజు తాత, కోయ కథల గాయకుడు సకిని రామచంద్రయ్య తాత, ఇద్దరూ పద్మశ్రీలే, ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. పద్మశ్రీ వచ్చింది కాబట్టి వాళ్లను కెమెరాలు వెతుక్కుంటూ వచ్చాయి. మన ఊళ్లో కిక్రి వాయిస్తూ పెన్‌ల కథ చెప్పే ప్రధాన్ తాత దగ్గరికి ఎవరొస్తారు?

మేము తొంభై మందిమి తలా 50 రూపాయలు వేసుకుని ఒక హార్డ్ డిస్క్ కొన్నాం. ఈ దండారికి ఇంటికి పోయినప్పుడు ఫోన్‌తోనే తీస్తాం. ముందు పెద్దల అనుమతి అడుగుతాం. తీయొద్దన్న పూజ తీయం. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ రాస్తాం. ఒక కాపీ ఆ ఊరికే ఇస్తాం.

మీ హాస్టల్‌లో కూడా మొదలుపెట్టండి. రేపు మన పిల్లలు వాళ్ల తాతను చూడాలంటే లండన్ అక్కర్లేదు, మన ఊరి గుడిసెలోనే తెర కట్టి చూడాలి.