గోడకు ఇవతలి చెట్లు

హైదరాబాద్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజామున ఆటో దిగిన మనిషికి ముందు రాగిజావ క్యాన్లు కనబడతాయి, ఆ తర్వాతే అడవి. కాకరకాయ రసం, గోధుమగడ్డి రసం, మొలకలు, జొన్న అంబలి, అన్నీ గేటు బయటే దొరుకుతాయి. టికెట్టు కొనుక్కునో పాసు చూపించో లోపలికి పోయి నూరడుగులు వేస్తే హారన్ల మోత వెనకబడుతుంది. ఎక్కడో పొదల అవతల నెమలి కూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. పాత వాకర్లు తల కూడా తిప్పరు.

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం అనే పూర్తి పేరు బోర్డు మీదే ఉంటుంది. జనం నోట అది కేబీఆర్. 1998లో ప్రభుత్వం దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించింది కాబట్టి పాతికేళ్ళు 2023లోనే నిండాయి. ఈ రజతోత్సవ సంచిక పనులు మాత్రం మన సంచికలన్నిటి లాగే తీరుబడిగా సాగాయి. ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. ఆ సంవత్సరమే రాసి ఉంటే, ఆ తర్వాత జరిగింది చెప్పుకునే అవకాశం ఉండేది కాదు.

విస్తీర్ణం 1.42 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 350 ఎకరాలు. తెలంగాణలో జాతీయ పార్కులు మూడే: కేబీఆర్, వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలోని మృగవని. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలవే. పులులు తిరిగే అమ్రాబాద్‌కూ కవ్వాల్‌కూ లేని హోదా, నగరం నడిబొడ్డున ఉన్న ఈ రాళ్ళగుట్టకు ఉంది. వాకింగు బూట్లు వేసుకుని జాతీయ పార్కులోకి పోయి, గంటన్నరలో తిరిగొచ్చి ఆఫీసుకు పోగలిగే నగరాలు దేశంలో ఎన్నో లేవు.

ఈ నేల కథ బంజారాల తండాలతో మొదలవుతుంది. బంజారాహిల్స్‌కు ఆ పేరు వచ్చింది వాళ్ళ వల్లే. నిజాం కాలంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్న తొలి పెద్దమనుషుల్లో మెహదీ నవాజ్ జంగ్ ఒకరు. తర్వాతి కాలంలో ఆయన గుజరాత్ మొదటి గవర్నరయ్యారు. గుట్టను పగలగొట్టి చదును చేయకుండా రాళ్ళను గోడల్లో కలుపుకుని ఇల్లు కట్టుకోవడం ఆయన చూపిన దారి. అది అందరూ నేర్చుకుని ఉంటే బంజారాహిల్స్ ఇప్పుడు మరోలా ఉండేది.

పార్కు ఉన్న చోటు నిజాం మనవడు ముకర్రం జాది. తల్లి దుర్రు షెహ్వార్ ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా కూతురు. తాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో చనిపోతే మనవడికి పట్టం కట్టారు. ఎనిమిదో నిజాం అన్నారు. ఏలడానికి రాజ్యం లేదు. కేంబ్రిడ్జిలోనూ శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలోనూ చదివిన ఆయనకు దర్బారు కంటే ఇంజన్ విప్పి బిగించడమే ఇష్టం అంటారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. ఆ దశకంలోనే ఆయన ఆస్ట్రేలియా పడమటి తీరానికి పోయి గొర్రెల క్షేత్రం పెట్టుకున్నారు. దాని విస్తీర్ణం లక్షల ఎకరాలు. ఇక్కడ ఆయన చిరాన్ ప్యాలెస్ చుట్టూ మిగిలిన నాలుగు వందల ఎకరాలను పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

పట్టించుకోకపోవడమే దీన్ని కాపాడింది. యజమాని ఊళ్ళో లేడు, వ్యవహారం కోర్టులకూ ఫైళ్ళకూ మధ్య నలుగుతోంది, చుట్టూ గజం ధర పెరుగుతోంది. లోపల మాత్రం సీతాఫలాలూ మోదుగలూ వాటి దారిన అవి పెరిగాయి. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే భౌతికకాయాన్ని తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. పార్కు రజతోత్సవ సంవత్సరమూ అదే. ఆ వారం వాకర్లలో ఎవరైనా ఆయన్ని తలుచుకున్నారా అంటే, ఈ వ్యాసకర్తకు వినబడినంతలో లేదు.

పేరు మాత్రం మరొకరిది. కాసు బ్రహ్మానందరెడ్డి నరసరావుపేట ప్రాంతపు మనిషి. 1964 నుంచి 1971 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్ళు వదిలింది ఆయన హయాంలోనే. తర్వాత కేంద్ర హోంమంత్రి, మహారాష్ట్ర గవర్నరు. 1994లో పోయారు. అడవులతో ఆయనకు ప్రత్యేకమైన అనుబంధం ఉన్నట్టు ఎవరూ చెప్పరు. 1969లో తెలంగాణ విద్యార్థుల మీద తుపాకులు పేలినప్పుడు ముఖ్యమంత్రి కూడా ఆయనే. ఆ రోజులు చూసినవాళ్ళు కొందరు ఇప్పటికీ కేబీఆర్ అనరు, చిరాన్ అనే అంటారు. సంచికలో ఈ మాట ఎందుకని ఎవరైనా అనవచ్చు. పార్కు బెంచీల మీద రోజూ నడిచే చర్చను అచ్చులో దాచడం దేనికి?

1998 నుంచి 2015 దాకా పెద్దగా చెప్పుకోవలసింది లేదు. చెట్లు పెరిగాయి, టికెట్టు ధర పెరిగింది, వాకర్ల పొట్టలు కొంత తగ్గాయి, గంధం చెట్ల మీద దొంగల కన్ను పడింది.

అయితే ఆ రోజుల మనిషినొకరిని ప్రస్తావించకుండా ముందుకు పోలేం. రిటైరైన తెలుగు మాస్టారు. పేరు వేయవద్దని ఇంటివాళ్ళు కోరారు. చేతికర్ర, కుట్లూడిన గుడ్డసంచి, అందులో చేతిరాత నోటుపుస్తకం. కనిపించిన ప్రతి చెట్టునూ పేరుతో పలకరించేవారు. ఇది నెమలినార, ఇది రేల, ఇది చండ్ర, దీన్ని కొట్టకు నాయనా ఇది పాలకొడిశ. పాలపిట్ట కనబడితే ఎంతటి పెద్ద ఆఫీసరు పక్కన ఉన్నా మాట ఆపేసేవారు. పార్కులో వృక్షజాతులు ఆరువందలకు పైనే, పక్షులు నూటనలభై దాకా అని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆయన ఆ బోర్డును నమ్మేవారు కాదు. తాను చూసినవే రాసుకునేవారు. ఈ వ్యాసకర్తకు జెముడుకాకికీ మామూలు కాకికీ తేడా తెలిసింది ఆయన దగ్గరే.

ఇక 2016.

ఎస్సార్డీపీ అనే రోడ్ల పథకం కింద పార్కు చుట్టూ ఆరు కూడళ్ళలో ఫ్లైఓవర్లు వస్తాయన్నారు. వాటి కోసం మూడు వేలకు పైగా చెట్లు పోతాయని పత్రికల్లో వచ్చింది. అవి లోపలి చెట్లు కావు. గోడకు ఇవతల, రోడ్డుకూ గోడకూ మధ్య, బయటి నడకదారికి నీడనిచ్చే కానుగలూ వేపలూ రావులూ. జాతీయ పార్కులోపల ఎండుకొమ్మ తీయాలన్నా వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డొస్తుంది. గోడ దాటితే ఆ చెట్టు ఒట్టి అడ్డంకి. చెట్టు వేరుకు గోడ తెలియదు, పిట్టకూ తెలియదు. ఫైలుకు మాత్రమే తెలుసు.

అప్పటిదాకా చక్కెర జబ్బు, పిల్లల వీసాలు, భూముల ధరలు తప్ప మరో మాట లేని వాకర్లు అట్టలు పట్టుకుని రోడ్డుమీదికొచ్చారు. మానవహారం కట్టారు, చెట్లను కావలించుకున్నారు. ఫ్లైఓవర్ కావాలన్నవాళ్ళూ వాకర్లలో ఉన్నారు, వాళ్ళ బాధా నిజమే. చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం ఆరింటికి ఆగినవాడికి తెలుస్తుంది. రెండు బృందాలూ కొన్ని నెలలు ఒకే దారిలో ఎదురెదురు దిశల్లో నడిచాయి, పలకరింపుల్లేకుండా. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి పోయింది. చెట్లు కొట్టొద్దని స్టే వచ్చింది.

ఆ వేసవిలో మాస్టారు సంచీలోంచి నోటుపుస్తకం తీసి బయటి నడకదారి చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎందుకు మాస్టారూ, కార్పొరేషనువాళ్ళు లెక్కపెట్టారుగా అంటే, వాళ్ళు కొట్టడానికి లెక్కపెట్టారు అన్నారు. సగం దారి అయ్యేసరికి మోకాళ్ళు మొరాయించాయి. పుస్తకం సగంలో ఆగింది.

ఫ్లైఓవర్లు ఇక్కడ ఆగినా చుట్టుపక్కల ఆగలేదు. 2012లో జీవవైవిధ్య అంతర్జాతీయ సదస్సు జరిగిన గుర్తుగా గచ్చిబౌలి వైపు ఒక కూడలికి బయోడైవర్సిటీ అనే పేరు స్థిరపడింది. 2019లో అక్కడ ఫ్లైఓవర్ వచ్చింది. ఇప్పుడు నగరంలో ఆ మాట వింటే ముందు గుర్తొచ్చేది ఆ వంతెనే.

2020 అక్టోబరులో కేంద్రం కేబీఆర్ చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని నోటిఫై చేసింది. పార్కు సరిహద్దు నుంచి కొన్నిచోట్ల 3 మీటర్లు, అత్యధికంగా 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే ఇద్దరు పక్కపక్కన నడిచి, మూడోవాడు ఎదురొస్తే తప్పుకునేంత. లాక్‌డౌన్ తర్వాత మళ్ళీ నడవగలగడమే గొప్పగా ఉన్న రోజులవి. ఆ కాగితాన్ని చదివినవాళ్ళు తక్కువ. వాకర్ల మీద ఈ వ్యాసకర్తకున్న ఫిర్యాదు ఇదొక్కటే. 2016లో అంత గొంతెత్తినవాళ్ళం 2020లో ఒక్క అట్టయినా పట్టుకోలేదు. 2024లో హెచ్‌సిటీ అనే మరో రోడ్ల పథకం పేరుతో అవే ఆరు కూడళ్ళకు అండర్‌పాసులూ ఫ్లైఓవర్లూ మళ్ళీ వచ్చాయి, వ్యవహారం మళ్ళీ కోర్టు మెట్లెక్కింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కూలుతుంటే సుప్రీంకోర్టు ఆపించింది. ఆ వారం పార్కు బెంచీల మీద అందరి నోటా ఆ మాటే.

సంచిక ఆనవాయితీ ప్రకారం కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు వేస్తే ఒకరు మిగిలిపోయి ఏడాదిపాటు ముఖం తిప్పుకుంటారు. అందుకని పనులే చెబుదాం. తెల్లారకముందే గేటు తీసే కాపలాదారులు. చిల్లర లేదని రోజూ మాటలు పడే టికెట్టు గుమస్తాలు. రాత్రి బీటు తిరిగే ఫారెస్టు సిబ్బంది. వేసవిలో నీటితొట్లు నింపేవాళ్ళు. దారిలో ఆకులూడ్చే ఆడవాళ్ళు, బయటి బాట ఊడ్చే కార్పొరేషను పారిశుద్ధ్య కార్మికులు. దెబ్బతగిలిన నెమలిని గుడ్డలో చుట్టి తీసుకుపోయే వైద్య సిబ్బంది. పామును గోనెలో పట్టి మళ్ళీ పొదల్లోనే వదిలేవాళ్ళు. కేసులు వేసిన పౌరులు. ఫీజు అడగకుండా వాదించిన వకీళ్ళు. జావ అప్పు పెట్టే గేటు బయటి అమ్మలు. ఈ జాబితాలో సగంమందికి లోపల నడిచే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

నడవడానికి కష్టమేమీ లేని చోటు ఇది. ఎత్తుపల్లాలు స్వల్పం, దారి మట్టిబాట, డెబ్బై ఏళ్ళవాళ్ళు నిదానంగా చుట్టి వస్తారు. రాళ్ళ వయసు రెండువందల యాభై కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ ఎర్రబడుతుంది, వేసవిలో రేల పసుపు గుత్తులు వేలాడతాయి, బతుకమ్మ ముందు తంగేడు పూస్తుంది, దసరా దాటాక సీతాఫలాలు కళ్ళు తెరుస్తాయి. అవి కోయకూడదు. చిలకలకు ఆ నిబంధన లేదు.

వచ్చే ఆదివారం లోపలి చుట్టు అయ్యాక ఇంటికి పోకుండా ఒక్క అరగంట బయటి బాటలో నడవండి. మాస్టారి పుస్తకం క్యాన్సర్ ఆసుపత్రి వైపు మలుపు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి చెక్‌పోస్టు దాకా ఎన్ని చెట్లున్నాయో, ఏ చెట్లో, ఒక కాగితం మీద రాసి సంచిక కమిటీకి ఇవ్వండి.