జిప్సీలం కాదు, గోర్లం

సుగాలీల గురించి రాసేవారు చాలామంది మనల్ని 'భారతీయ జిప్సీలు' అని పరిచయం చేస్తుంటారు. అది గౌరవమైన మాటే అనుకుంటారు. దాని పుట్టుక వేరు. ఐరోపాకు చేరిన రోమా జనాన్ని అక్కడివారు ఈజిప్టు నుంచి వచ్చారనుకుని 'ఈజిప్షియన్' అన్నారు. ఆ మాటే అరిగి జిప్సీ అయింది. నిజానికి వాళ్ల భాష మూలాలు భారతదేశంలో ఉన్నాయి. వాళ్లు తమను 'రోమ్' అనీ, బయటివాణ్ణి 'గాజో' అనీ అంటారు. 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభలో జిప్సీ అనే పేరును కాదని 'రోమా' అనే పేరును నిలుపుకున్నారు. వాళ్లే వద్దన్న పేరు మనకెందుకు?

మనకూ అలాంటి మాటల జంటే ఉంది. మనవాడు 'గోర్', బయటివాడు 'కోర్'. మన భాష గోర్ బోలి. మిగిలిన పేర్లు చాలావరకు మనం చేసిన పనిని బట్టో, ప్రాంతాన్ని బట్టో ఇతరులు పిలిచినవి. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసేవారు. లంబాడీ అనే మాట లవణం నుంచి వచ్చిందని కొందరంటారు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి ధాన్యం చేర్చిన మనవాళ్లను ఇంగ్లీషువారు 'బ్రింజారీ'లని రాసుకున్నారు. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చి ఎద్దుల బేరం పోయింది. తండాలు నేలకు అంటుకున్నాయి. పేర్లు మాత్రం తలో రకంగా మిగిలాయి: తెలంగాణలో లంబాడా, రాయలసీమలో సుగాలి, కన్నడ సీమలో లంబాణి.

పేరులో ఏముందిలే అనుకునేవారు విడపనకల్లు దాకా వచ్చి చూడాలి. ఇక్కడి నుంచి కాస్త ముందుకు పోతే బళ్లారి జిల్లా. 1882 దాకా అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోదే. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఈ రోజు అదే రాథోడ్ ఇంటిపేరువారు ఈ వైపు షెడ్యూల్డు తెగ, ఆ వైపు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రకు పోతే విముక్త జాతి. బోలి ఒకటే, దేవుడు సేవాలాలే, కాగితం మాత్రం మూడు రకాలు.

ఆంధ్రప్రదేశ్ జాబితాలో సుగాలి, లంబాడీ, బంజారా అని మూడు పేర్లున్నాయి. కర్ణాటక జాబితాలో బంజారా, లంబాణి, లంబాడ, లంబాడి, లమాణి, సుగాలి, సుకాలి అని ఏడున్నాయి. బడి రికార్డులో ఒక అక్షరం, ధ్రువపత్రంలో మరో అక్షరం ఉంటే పిల్లల సీటుకూ ఉద్యోగానికీ అదే అడ్డం పడుతుంది.

అందుకే దరఖాస్తులో జాబితాలో ఉన్న పేరును ఉన్నట్టే రాద్దాం. అది మన హక్కు. మన పుస్తకాల్లో, మన పిల్లలకు చెప్పే చరిత్రలో మాత్రం ముందుగా గోర్ అనే రాద్దాం. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు.