కొండమీద నీటి చార

సాల్ట్ లేక్ సిటీలో కేపిటల్ (రాష్ట్ర శాసనసభ భవనం) గోపురం వెనక ఇళ్ళ వరసలు అయిపోయేచోట ఎన్‌సైన్ పీక్ కాలిబాట మొదలవుతుంది. పొద్దు వాలుతోంది. బూట్ల కింద కంకర గరగరమంటోంది. దారి పక్కన సేజ్ పొద ఆకు ఒకటి తుంచి నలపండి. కర్పూరం లాంటి ఘాటు వేళ్ళకు పట్టుకుని చాలాసేపు వదలదు. నాలుగడుగులకే ఆయాసం వస్తోందా? సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన నడుస్తున్నారు మరి.

మధ్యలో ఆగి తూర్పుకేసి చూడండి. వాసాచ్ పర్వతాల పాదాల వెంట అడ్డంగా ఒక చదును మెట్టు సాగిపోతుంటుంది. వేసవిలో చెరువు కట్ట రాళ్ళమీద నీరు దిగిన చార మిగులుతుందే, ఇదీ అలాంటిదే. హిమయుగంలో ఇక్కడ బొన్నెవిల్ అనే మహా సరస్సు ఉండేది. బాగా లోతైనచోట 300 మీటర్ల నీళ్ళు. మీరు బయలుదేరిన చోటు ఆ నీళ్ళ అడుగున ఉండేది, శిఖరం మాత్రం పైకి తేలి ఉండేది. అలలు తరాల తరబడి అదే ఎత్తున కొండను కోసి, గులకరాళ్ళు పోగుచేసి ఆ మెట్టు కట్టాయి. చివరికి ఉత్తరాన, ఇప్పటి ఐడహోలోని రెడ్ రాక్ పాస్ దగ్గర నీళ్ళు పొర్లి గట్టు తెగింది. సరస్సు వంద మీటర్లకు పైగా దిగిపోయింది. ఆ వరదంతా స్నేక్ నది లోయలో పడింది. మరికాస్త కింద కనిపించేది ప్రోవో మెట్టు, గట్టు తెగాక నీళ్ళు నిలిచిన మట్టం. ఇంత పెద్ద సంఘటనకు సాక్ష్యం ఆ కొండవాలే, చదవడానికి వేరే శిలాఫలకం అక్కర్లేదు.

శిఖరం మీద 1934లో కట్టిన రాతి స్తంభం ఉంది. 1847 జులై 26న, లోయలో అడుగుపెట్టిన రెండు రోజులకే, మోర్మన్ మతస్తుల నాయకుడు బ్రిగమ్ యంగ్ కొందరు అనుచరులతో ఇక్కడికెక్కి ఊరు ఎక్కడ కట్టాలా అని చూశాడు. అప్పటికిది మెక్సికో భూభాగం. దానికి ఎంతో ముందునుంచీ షోషోనీ, యూట్, గోషూట్ ప్రజల నేల. ఈ స్తంభం దగ్గర నిలబడ్డప్పుడు వాళ్ళనూ తలుచుకోవాలి. కింద స్టేట్ స్ట్రీట్ దక్షిణానికి వంకర లేకుండా పోతోంది. పాత ఊరి వీధులకు 132 అడుగుల వెడల్పు పెట్టారు.

ఇప్పుడు పడమటికి తిరగండి. ఎండకు తళతళలాడేది గ్రేట్ సాల్ట్ లేక్, ఆ మహా సరస్సులో మిగిలిన ముక్క. బయటికి పోయే దారి లేని నీళ్ళు కాబట్టే అంత ఉప్పు. బేర్, వీబర్, జోర్డాన్ నదుల నీళ్ళను పొలాలకూ ఊళ్ళకూ మళ్ళిస్తుంటే అది వెనక్కి జరుగుతూ వచ్చింది. 2022 నవంబరులో, లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఎన్నడూ లేనంత కిందికి దిగింది. గాలి లేస్తే ఎండిన అడుగు ధూళి, అందులోని ఆర్సెనిక్‌తో సహా, ఊరిమీదికొస్తుంది. ఈ సరస్సు కూడా ఒక చారగా మిగిలిపోతుందేమోనన్న దిగులు ఇక్కడ నిలబడితే తప్పదు.

వెలుగుండగానే కొండ దిగి, ఊరికి తూర్పున ఎమిగ్రేషన్ కాన్యన్ మొదటికి వెళదాం. జనమంతా ఇక్కడి 'దిస్ ఈజ్ ద ప్లేస్' స్మారకం దగ్గరే ఉంటారు. బ్రిగమ్ మనవడు మహోన్రి యంగ్ చెక్కిన ఆ విగ్రహాలను 1947లో ఆవిష్కరించారు. చూడదగ్గవే. కానీ దగ్గర్లోనే ఉన్న డానర్ హిల్ కింద ఇంకాసేపు నిలబడమంటాను. ఏమంత పెద్ద గుట్ట కాదు, వాలు మాత్రం నిట్రం. 1846 ఆగస్టులో, కాలిఫోర్నియాకు వలస పోతున్న డానర్ బృందం పర్వతాల్లో రోజుల తరబడి పొదలు నరికి నరికి విసిగిపోయి, బళ్ళను దీనిమీదుగా ఎక్కించింది. ఒక్కో బండికి దాదాపు ఉన్న ఎడ్లన్నిటినీ పూన్చాల్సి వచ్చింది. ఎడ్లు డస్సిపోయాయి, ముందున్నది ఉప్పు ఎడారి. శరత్కాలం ముగిసేసరికి సియెరా నెవాడా మంచులో చిక్కుకున్నారు, దాదాపు సగంమంది చనిపోయారు. మరుసటేడు జులైలో వచ్చిన మోర్మన్లు గుట్ట ఎక్కలేదు. వాగు పక్కన పొదలు నరికి దారి తీయడానికి వాళ్ళకు నాలుగు గంటలు పట్టింది.