పాలనారంభంలో టిప్పు సుల్తాన్ యుద్ధ, విదేశాంగ నీతి: పలమనేరు కనుమల నేపథ్యంలో ఒక పరిశీలన

1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట దండులో హైదర్ అలీ మరణించాడు. వారసుడైన టిప్పు అప్పుడు మలబారు తీరంలో పొన్నాని వద్ద ఆంగ్ల సేనలతో పోరాడుతున్నాడు. పూర్ణయ్య, కృష్ణారావు మొదలైన అధికారులు మరణవార్తను గోప్యంగా ఉంచి, పార్థివదేహాన్ని కనుమల మీదుగా కోలారుకు పంపారు. ఆ విధంగా టిప్పు పాలన యుద్ధం నడుమనే ఆరంభమైంది. అతని తొలి నిర్ణయాలను 1799 నాటి పతనాన్ని బట్టి అంచనా కట్టడం పరిపాటి. వాటిని ఆనాటి పరిస్థితులను బట్టి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

1783 ఆరంభంలో జనరల్ మాథ్యూస్ నాయకత్వంలోని బొంబాయి సేన బెదనూరును ఆక్రమించింది. టిప్పు ఆర్కాటు మైదానాన్ని విడిచి ప్రధాన సైన్యంతో పడమరకు తరలాడు. దీనిని వెనుకంజగా భావించరాదు. ఆర్కాటు సీమ తండ్రి గెలిచిన పరభూమి. అప్పటికే యుద్ధంతో చితికిపోయింది. పడమటి తీరం రాజ్యానికి సముద్రద్వారం. బెదనూరును ఆ ఏడే తిరిగి సాధించి, 1784 జనవరిలో మంగళూరు కోటను లొంగదీసుకోవడం అతని సైనిక నిర్ణయంలోని ఔచిత్యాన్ని నిరూపిస్తుంది.

విదేశాంగ రంగంలో పరిస్థితి వేరు. 1782 నాటి సాల్బాయి సంధితో మరాఠాలు ఆంగ్లేయులతో రాజీపడ్డారు. ఐరోపాలో శాంతి కుదిరిందన్న వార్త 1783లో చేరగానే ఫ్రెంచివారు యుద్ధం విరమించారు. ఒంటరిగా మిగిలి కూడా 1784 మార్చి 11న మంగళూరులో టిప్పు సమానస్థాయి సంధిని సాధించాడు. ఉభయపక్షాలు గెలిచిన భూములను తిరిగి ఇచ్చుకున్నాయి. కనుమల దిగువనున్న ఆంబూరు, సాత్‌గఢ్ కోటలను మాత్రం సంధి షరతులు నెరవేరేవరకు హామీగా అతడు తన అధీనంలో ఉంచుకున్నాడు. వారెన్ హేస్టింగ్స్‌కు ఈ సంధి రుచించలేదు.

అయితే ఈ సంధి భూమిని తిరిగి తెచ్చిందే తప్ప మిత్రుని సమకూర్చలేదు. 1785–87 మధ్య టిప్పు మరాఠాలతో, నిజాంతో యుద్ధంలో చిక్కుకున్నాడు. అనంతరం ఇస్తాంబులు, ఫ్రాన్సులకు వెళ్లిన రాయబారాలు సైనిక సహాయాన్ని తేలేకపోయాయి. 1790లో ఆంగ్లేయులు, మరాఠాలు, నిజాం ఏకమయ్యారు.

దాని ఫలితం మన ప్రాంతంలోనే కనిపించింది. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ఆంబూరు వైపు కదులుతున్నట్లు భ్రమింపజేసి, మొగిలి కనుమ గుండా ప్రతిఘటన లేకుండా పలమనేరు చేరాడు. కోలారు మీదుగా సాగిన ఆ సేన మార్చి 21న బెంగళూరు కోటను పట్టుకుంది. కనుమలో ఏమరుపాటు సైనికమైనదే. కానీ ఒక్క రాజ్యం మూడు శక్తులను ఎదుర్కోవలసి వచ్చినప్పుడు ప్రతి కనుమనూ సమంగా కాపాడటం దుస్సాధ్యం.

కాబట్టి టిప్పు తొలి సైనిక నీతి సమర్థనీయం, సంధి ప్రశంసనీయం. యుద్ధవిరామంలో లభించిన వ్యవధిని ఇరుగుపొరుగు రాజ్యాలతో మైత్రిగా మలచలేకపోవడమే అతని ప్రధాన లోపం. పొన్నాని నుంచి మంగళూరు వరకు సాధించిన విజయాలకు మొగిలి కనుమ వద్ద రక్షణ కరవైంది.