రాని కార్డు

కంప్యూటరు తెరపై బొమ్మలు గీసి చూపే పరికరమునకు గ్రాఫిక్స్ కార్డు అని పేరు. కొత్త కార్డు అంగడికి రావడానికి ఎన్నో నెలల ముందే దానిని గూర్చిన కబుర్లు బయలుదేరును. పాతదానికంటె రెండింతలు వేగమట, ఇంత విద్యుత్తు తాగునట, ధర ఇంతట. ఈ 'అట'లను విన్నప్పుడు ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెత గుర్తుకు రాక మానదు. అయితే వీటిని వట్టి కాలక్షేపపు మాటలుగా త్రోసివేయుటకు వీలులేదు. ఒకప్పుడు ఈ రంగములో అగ్రస్థానమున నిలిచిన త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ, తన రాబోవు కార్డుపై లోకమునకు కల్పించిన ఆశకూ ఆ కార్డు పనికి పట్టిన కాలమునకూ నడుమ చిక్కి అంతరించినది. ఆ కథ తెలిసినచో ఇటువంటి వదంతులకు ఎంత బలమున్నదో బోధపడును.

ఆశలు ఎక్కడ పుట్టును?

కార్డుపైనున్న ముఖ్యభాగము ఒక చిప్పు. అది గోరంత సిలికాన్ పలక మీద కోట్లకొలది ట్రాన్సిస్టర్లను పొదిగిన వస్తువు. దాని నమూనా తయారగుటకు సంవత్సరములు పట్టును. నమూనా పూర్తి అయిన పిమ్మట దానిని కర్మాగారమునకు పంపుదురు. అక్కడ సిలికాన్ పలకపై పొరవెంట పొరగా వలయములను అచ్చువేసి, తొలి చిప్పులను తిరిగి పంపుటకు వారములు కాదు, నెలలు పట్టును. వచ్చిన చిప్పులో దోషము కనబడినచో నమూనాను సరిదిద్ది మరల పంపవలెను. మరికొన్ని నెలలు గడచిపోవును.

ఈ దీర్ఘకాలములో రహస్యము దాగుట కష్టము. కార్డులు బిగించే కంపెనీలకు ముందుగా చెప్పవలెను. ఆటలు రచించేవారికి నమూనాలు ఈయవలెను. కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాములలో ఇంకా వెలువడని చిప్పుల పేర్లు కనబడుట కూడ కలదు. ఇట్టి తునకలను ఏరి, కూర్చి, ఊహతో అతికించగా వదంతి తయారగును. అందులో చిప్పు ఉన్నదన్న మాట తరచుగా నిజమే. తబ్బిబ్బయ్యేది తేదీ, ధర, వేగము. ఎందుకనగా అవి తయారుచేయువారికే ఆఖరువరకు తెలియవు.

వూడూ వైభవము

1994లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున రాస్ స్మిత్, గ్యారీ టరోలీ, స్కాట్ సెల్లర్స్ అనే ముగ్గురు త్రీడీఎఫ్ఎక్స్‌ను స్థాపించినారు. ముగ్గురును అంతకుముందు సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీలో పనిచేసినవారే. సినిమాలకు, విమానముల రూపకల్పనకు పనికివచ్చే ఖరీదైన చిత్రణ యంత్రములకు ఆ కంపెనీ పేరుపొందినది. అట్టి విద్యను ఇంటి కంప్యూటరుకు తేవలెనన్నది ఈ ముగ్గురి సంకల్పము.

కాలము కలిసివచ్చినది. 1996లో జ్ఞాపకపు చిప్పుల ధరలు బాగా పడిపోయినవి. అంతవరకు ఆటల దుకాణములలోని పెద్ద యంత్రములకే తగునని తలచిన వూడూ చిప్పును 4 మెగాబైట్ల జ్ఞాపకముతో సామాన్యులకు అమ్మగల అవకాశము చిక్కినది. ఆ కార్డు మామూలు బొమ్మలను గీయదు. దానికి వేరొక కార్డు ఉండవలసినదే. లోతు, వెడల్పు, ఎత్తు గల దృశ్యములను మాత్రమే గీయును. ఐనను క్వేక్ వంటి ఆటలను దానిపై చూచినవారు పాత పద్ధతికి మరలిపోలేకపోయినారు.

1998లో వూడూ 2 వచ్చినది. ఇటువంటి కార్డులు రెండింటిని ఒకే కంప్యూటరులో జతచేయవచ్చును. తెరపైని గీతలలో బేసి గీతలను ఒక కార్డు, సరి గీతలను రెండవ కార్డు గీయును. జోడెద్దులను కట్టినట్లు పని ఇంచుమించు రెట్టింపు అగును. ఆనాడు ఆటలయందు ఆసక్తి గలవారి నోట వూడూ పేరే వినబడెడిది.

మార్గము మారినది

అప్పటివరకు త్రీడీఎఫ్ఎక్స్ చిప్పులను మాత్రమే అమ్మెడిది. వాటిని బోర్డులకు బిగించి అంగడికి పంపుట డైమండ్, క్రియేటివ్ వంటి ఇతర కంపెనీల పని. 1998 డిసెంబరులో ఎస్టీబీ అనే బోర్డుల కంపెనీని కొనుచున్నట్లు ప్రకటించి, 1999లో ఆ పని ముగించినది. ఇకమీదట తన కార్డులను తానే చేసుకొని అమ్మవలెనని దాని ఆలోచన. దీనివలన నిన్నటి మిత్రులు ప్రత్యర్థుల చిప్పులవైపు తిరిగినారు. కర్మాగారపు ఖర్చు నెత్తిపై పడినది. కార్డులు అమ్ముడైనను కాకున్నను ఆ ఖర్చు ఆగదు.

ఇంతలో ఎదుట ఒక బలమైన పోటీదారు నిలిచినది. అది 1993లో పుట్టిన ఎన్విడియా. దాని పద్ధతి వేరు. ఒక చిప్పు అంగడిలో ఉండగానే తరువాతి చిప్పు తయారగుచుండవలెను. ఇంచుమించు ఆరు నెలలకొక కొత్త కార్డు రావలెను. 1998లో టీఎన్‌టీ, 1999 వసంతమున టీఎన్‌టీ 2, అదే సంవత్సరము అక్టోబరులో జీఫోర్స్ 256 వచ్చినవి. వస్తువుల మూలబిందువులు ఎక్కడికి కదలునో, వాటిపై వెలుగు ఎట్లు పడునో లెక్కించుట అంతవరకు కంప్యూటరు ప్రధాన చిప్పు పని. జీఫోర్స్ 256 ఆ లెక్కలను తానే చేసినది.

త్రీడీఎఫ్ఎక్స్ 1999లో వెలువరించిన వూడూ 3 వేగమైనదే. కాని అది దృశ్యములను 16 బిట్ల రంగులలోనే గీసెడిది. పోటీవారి కార్డు 32 బిట్ల రంగులు చూపెడిది.

లాస్ వేగాస్ ప్రకటన

1999 నవంబరులో లాస్ వేగాస్ నగరమున కామ్‌డెక్స్ ప్రదర్శన జరిగినది. అచ్చట త్రీడీఎఫ్ఎక్స్ తన తరువాతి కార్డులను ప్రకటించినది. వీఎస్ఏ-100 అనే ఒకే చిప్పును ఒకటి, రెండు, నాలుగు చొప్పున బిగించి చిన్న పెద్ద కార్డులు చేయుట వారి పథకము. అన్నిటికంటె పెద్దది వూడూ 5 6000. దానికి నాలుగు చిప్పులు, 128 మెగాబైట్ల జ్ఞాపకము, 600 డాలర్ల ధర. కంప్యూటరు లోపలి విద్యుత్తు దానికి చాలదు కనుక గోడకు తగిలించే ప్రత్యేక సరఫరా పెట్టె కూడ దానితో ఇచ్చెదమన్నారు.

ఈ ప్రకటన రెండువైపుల పదునుగల కత్తి. పోటీవారి కార్డును కొనదలచినవారిని అది ఆగమని చెప్పినది. కాని అదే మాట త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ 3ను కొనదలచినవారికిని వినబడినది! రేపు వచ్చెడిది నాలుగు చిప్పుల కార్డైనప్పుడు ఈనాడు ఒక చిప్పు కార్డును ఎవరు కొందురు? ఇటువంటి ప్రమాదమునకు ఆస్‌బర్న్ కంప్యూటరు కంపెనీ పేరు ఉదాహరణగా చెప్పుట వాడుక. 1983లో అది దివాలా తీసినప్పుడు, కొత్త యంత్రమును ముందుగా ప్రకటించి పాతదాని అమ్మకమును తానే చెరచుకొన్నదని అన్నారు. దాని పతనమునకు వేరే కారణములు కూడ ఉన్నవని తరువాత చరిత్రకారులు చూపినారు గాని, ప్రమాదము మాత్రము కల్పితము కాదు.

గడువు 2000 సంవత్సరపు వసంతము. వసంతము వచ్చినది, కార్డు రాలేదు. ఏప్రిలులో ఎన్విడియా వారి జీఫోర్స్ 2 వచ్చినది. రెండు చిప్పుల వూడూ 5 5500 జూనుకు గాని అంగడి ముఖము చూడలేదు. దానిపై 64 మెగాబైట్లని వ్రాసియున్నను, వస్తువుల పైపూత బొమ్మలను ప్రతి చిప్పు తన వాటా జ్ఞాపకములో విడిగా దాచుకొనవలసియుండుటచే సగము చోటు ఒకే సరకుకు రెండు ప్రతులు పెట్టినట్లయ్యెడిది. బొమ్మల అంచులలోని మెట్లవంటి గరుకుదనమును నునుపుచేయుటలో ఆ కార్డు మెచ్చదగినదే. కాని ఆరు నెలల ముందు రావలసిన మెప్పు అది.

నాలుగు చిప్పుల కార్డు ఎన్నడును అంగడికి రాలేదు. అంతకంటె గొప్పదని చెప్పుకొన్న 'ర్యాంపేజ్' చిప్పు సంవత్సరముల తరబడి పనిలో ఉండియు ప్రయోగశాల దాటలేదు. 2000 డిసెంబరు 15న త్రీడీఎఫ్ఎక్స్ తన ముఖ్యమైన ఆస్తులను ఎన్విడియాకు అమ్మివేయుచున్నట్లు ప్రకటించినది. 2002లో దివాలా పత్రము దాఖలు చేసినది.

గెలిచినవారికిని అదే పరీక్ష

గెలిచిన ఎన్విడియాకు రెండేండ్లలోనే ఇదే పరీక్ష ఎదురైనది. పాత త్రీడీఎఫ్ఎక్స్ నుండి వచ్చిన ఇంజనీర్లు కూడ పాలుపంచుకొన్న జీఫోర్స్ ఎఫ్ఎక్స్‌ను అది 2002 నవంబరులో, అదే కామ్‌డెక్స్ ప్రదర్శనలో ప్రకటించినది. 0.13 మైక్రాన్ల కొత్త తయారీ పద్ధతిని నమ్ముకొనుటచే పని ఆలస్యమైనది. ఆ ఆగస్టులోనే ఏటీఐ కంపెనీ పాత 0.15 మైక్రాన్ల పద్ధతితోనే రేడియన్ 9700 ప్రోను వెలువరించి మెప్పు పొందినది. 2003 మొదట్లో వచ్చిన ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా, దాని చల్లబరచు పంకా చేసిన రొదకు నవ్వులపాలైనది.

ఐనను ఎన్విడియా కూలలేదు. 2002 ఫిబ్రవరిలో వచ్చిన జీఫోర్స్ 4 కార్డులు దుకాణములలో ఉన్నవి. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రమునకు 2001 నుండి దాని చిప్పే వాడుకలో ఉన్నది. 2003 మే నెలలో మెరుగైన ఎఫ్ఎక్స్ 5900ను ప్రవేశపెట్టి తప్పును కొంత దిద్దుకొన్నది. ఆలస్యము ఇద్దరికిని కలిగినదే. ఆ వ్యవధిలో అమ్ముకొనుటకు ఏమున్నదన్నదే భేదము.

ఇంటెల్ అనుభవమును కూడ దీని సరసన ఉంచవచ్చును. 2008లో ఆ కంపెనీ లారబీ అనే కొత్తరకపు గ్రాఫిక్స్ చిప్పును గూర్చి వివరించగా పెద్ద ఆశలు రేగినవి. 2009 డిసెంబరులో దానిని కార్డుగా అమ్ముట లేదని చెప్పివేసినది. దాని ప్రధాన వ్యాపారము వేరు కనుక ఆ నష్టమును ఓర్చుకొన్నది. ఆ పనిలో నేర్చినది 2012లో వచ్చిన జియాన్ ఫై అనే లెక్కల చిప్పుకు ఉపకరించినది.

కొత్త కార్డును గూర్చి ఈనాడు కబుర్లు వినువారికి ఈ చరిత్ర ఒక కొలబద్ద ఇచ్చును. ఏ చిప్పు తయారగుచున్నదన్న కబురు కంటె, అది సిద్ధమగువరకు తయారుచేయువారి చేతిలో మరేమున్నదన్న ప్రశ్న విలువైనది. కొనువాని నిరీక్షణకు ఖర్చు లేదు. అమ్మువానికి మాత్రము నెలనెలా జీతములు ఈయవలసియే యుండును.

వూడూ 5 6000 మాదిరి కార్డులు కొన్ని మాత్రము మిగిలినవి. పాత యంత్రములను సేకరించువారు వాటిని గొప్ప ధరలిచ్చి కొని, భద్రపరచినారు. వాటిలో కొన్నిటిని కంప్యూటరులో అమర్చి ఆనాటి ఆటలు ఆడిచూచినారు. నాలుగు చిప్పులును కలిసి పనిచేసినవి.