రంగే పేరైన లవణములు

మన నేతగాండ్రు చీరకు చిలుకపచ్చ, వంగపండు, నెమలికంఠము అని రంగునుబట్టి పేరిడినట్లే, పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా రసాయనవేత్తలును, కోబాల్టు క్లోరైడు అమ్మోనియాతో కూడగా పుట్టిన లవణములకు, వాని లోనికట్టడి తెలియమిచే, కంటికి తోచిన వర్ణమునుబట్టియే నామకరణము గావించిరి. ఆరు అమ్మోనియాలు గల పసుపు లవణము లూటియో. ఐదు గలిగి ఎఱ్ఱని ఊదాడాలుతో నుండునది పర్పురియో. నాలుగు గల ఆకుపచ్చనిది ప్రాసియో. ఈ కడపటి పేరు ఉల్లిజాతికి చెందిన యొక కూరమొక్కకు గ్రీకులు పెట్టుకొన్నది. వంటింటి మాట ప్రయోగశాల కెక్కుట నాకు ముచ్చటగా తోచును.

చిక్కేమనగా, మూడింటను కోబాల్టు పరమాణు వొకటికి క్లోరిన్లు మూడే యైనను, సిల్వర్ నైట్రేట్ ముందు అవి యొకే తీరున నడువవు. లూటియో ద్రావణమున నాలుగు చుక్కలు పడినంతనే విరిగిన పాలవలె తెల్లని అవక్షేపము దిగి, మూడు క్లోరిన్లును బయటపడును, పర్పురియో చల్లగా నున్నంతవఱకు రెంటినే విడుచును, ప్రాసియో ఒక్కదానినే. కోపెన్‌హాగెన్ నగరమున యోర్గెన్సెన్ అను రసాయనవేత్త ఈ లవణములను ఏండ్లతరబడి తయారుచేసి, తూచి, పరీక్షించి, అమ్మోనియాలు గొలుసుకట్టుగా లోహమునుండి వ్రేలాడునని సమర్థించుచుండెను.

జూరిక్ నందలి యువకుడు ఆల్ఫ్రెడ్ వెర్నర్, ఒకనాటి రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి లేచి, సాయంకాలము అయిదింటికి వ్యాసము ముగించెనని ప్రసిద్ధి. అది 1893లో అచ్చయ్యెను. దాని సారమిది: లోహము చుట్టును, అష్టముఖి మూలలయందువలె, ఆరు స్థానములు గలవు. అందు కుదిరినవి లోహమును వీడవు. వెలుపల నిలిచిన క్లోరిన్లు మాత్రమే వెండికి చిక్కును. నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు ఆ మూలల నమరుటకు రెండే దారులు: క్లోరిన్లు ప్రక్కప్రక్కన, లేదా ఎదురెదురుగా. ఎదురెదురుగా నున్నది ప్రాసియో. మఱి రెండవ దేదీ యని యోర్గెన్సెన్ నిలదీసెను. పదునాలుగేండ్లకు, 1907లో, వెర్నర్ ఆ రెండవదగు ఊదా లవణమును చేసి చూపగా, ప్రతివాది తన వాదమును విడిచెను. 1913 నోబెల్ బహుమానము వెర్నర్‌కు దక్కినను, గెలిచినవానికి ఆధారమైన ప్రయోగములలో పెక్కు ఓడినవాని చేతివే గనుక, నా గౌరవము యోర్గెన్సెన్‌కు మఱి కొంచెము ఎక్కువ.

అయినను పసుపేల, ఊదా యేల? 1929లో భౌతికశాస్త్రవేత్త హాన్స్ బేతే, స్ఫటికములలో పొరుగు అయానుల వలన పరమాణువు శక్తిస్థాయిలు చీలునని గణించెను. ఆరు పొరుగుల నడుమ కోబాల్టు డి-ఎలక్ట్రానుల స్థాయి రెండు మెట్లగును. క్రిందినుండి మీది కెగయుటకు చాలిన వెలుగును లవణము మ్రింగి, తక్కినదానిని మన కంటికి విడుచును. ఆరును అమ్మోనియాలైనచో మెట్ల యెడము పెద్దది. సుమారు 475 నానోమీటర్ల నీలికాంతి పోయి పసుపు మిగులును. ఒక అమ్మోనియా చోట క్లోరిన్ చేరెనా, యెడము తగ్గి, పచ్చని వెలుగు పోయి ఊదా తేలును. ఏ పొరుగు ఎంత యెడము పెంచునో 1938లో జపాను రసాయనవేత్త ర్యూతారో త్సుచిదా వరుస కూర్చినది, ఈ కోబాల్టు లవణముల వర్ణపటములను చూచియే. వెర్నర్ 1919లోనే గతించెను. తన లూటియో ఏల పసుపో ఆయన యెఱుగడు.