అవ్వ వేసిన రూపాయి

గుర్రంకొండ పిల్లలకి రాళ్లు కొత్త కాదు, నీళ్లే కొత్త. 1980ల్లో, నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, మా అవ్వతో తిరుపతిలో రైలెక్కి విశాఖపట్నం వెళుతున్నాను. కొవ్వూరు దాటగానే బండి చప్పుడు మారిపోయింది. ఎటు చూసినా నీళ్లే!

"ఇన్ని నీళ్లా మే! మనూరి చెరువుకి కాసిన్ని పంపితే ఈయమ్మ సొమ్మేం పోతాది?" అంటూనే అవ్వ కొంగుముడి విప్పి, రూపాయి బిళ్ల నదిలోకి విసిరి దణ్ణం పెట్టింది.

"ఈ వంతెన ఎవరు కట్టినారవ్వా?"

"హేవలాక్ దొరండి!" అన్నాడు ఎదుటి సీటాయన.

ఆ దొరే గోచీ బిగించి కట్టాడని చాలాకాలం నమ్మాను. తీరా చూస్తే ఆయన అప్పటి మద్రాసు గవర్నరు! కట్టించిన ఇంజనీరు వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన పనిచూసిన అనుభవశాలి.

1893లో బెజవాడ దగ్గర కృష్ణకి వంతెన పడింది. గోదావరి మాత్రం అడ్డంగానే ఉంది. ఈ ఒడ్డున రైలు దిగి, పడవలో నది దాటి, ఆ ఒడ్డున మళ్లీ రైలెక్కాలి. పిల్లలతో, మూటలతో ఆ అవస్థ ఊహించుకోండి! 1897 నవంబరులో పని మొదలైతే, 1900 ఆగస్టులో రైలు నడిచింది. మొత్తం 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు.

నది అడుగున ఉన్నది ఇసక. దానిమీద స్తంభం నిలుస్తుందా? అందుకే బావులు దించారు. మనం నీళ్లకోసం బావి తవ్వుకుంటాం. వాళ్లు నీళ్లలోనే బావి కట్టారు. లోపలి ఇసక తోడేస్తుంటే, బావి తన బరువుకి తనే కిందికి దిగుతుంది. కావలసినంత లోతుకి దిగాక దాన్ని నింపేసి, పైన రాతి స్తంభాలు, వాటిమీద ఉక్కు గర్డర్లు!

మరి ఆ ఇసక తోడిందెవరు? మా కోటలోనూ అంతే. రంగిన్ మహల్ చూపించి నవాబుల పేర్లు చెబుతారు. రాళ్లు మోసినవాళ్ల పేర్లడిగితే నవ్వుతారు.

1974లో రెండో వంతెన, 1997లో మూడోది వచ్చాయి. ఆ ఏడే హేవలాక్ వంతెనకి విశ్రాంతి. విప్పేసి ఇనుము అమ్మేయాలన్నవాళ్లున్నారు, షికారు దారిగా మార్చాలన్నవాళ్లున్నారు. దొర పేరు కోసమైతే నాకేం పట్టింపు లేదు. కానీ పేరు మిగలనివాళ్లకి మిగిలిన గుర్తు అదొక్కటే కదా!

మొన్న రాజమండ్రి వెళ్లినప్పుడు, కొత్త వంతెన మీంచి నేనూ ఓ రూపాయి వేశాను. అవ్వ వేసింది గోదారమ్మకి. నాది మాత్రం ఆ ఇసక తోడిన చేతులకి.